జింకలు పెరిగాయా, బీడు తరిగిందా? ఒక మెట్ట ఊరి కేస్ స్టడీ

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో రైతును పలకరిస్తే వాన తర్వాత వచ్చే రెండో మాట జింకలే. రాత్రికి రాత్రే మొలక మాయమైందని, తెల్లారి చూస్తే సాలు వెంట గిట్టల గుర్తులు తప్ప ఏమీ మిగల్లేదని చెబుతారు. జింకల పార్కు పెట్టి అన్నింటినీ అందులోకి తోలేయాలన్న డిమాండు అక్కడ చాలా పాతది. పొలాల్లో వన్యప్రాణుల లెక్కలు, పంట నష్టాల మీద పనిచేసే నన్ను ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా అలాంటి ఊరివాళ్లే పిలిపించారు. ఆ కేసునే ఇక్కడ రాస్తున్నాను.

ఊరి పేరు, మండలం, మనుషుల ఆనవాళ్లు ఇవ్వడం లేదు. జింకల సంఖ్య కూడా కావాలనే ఇవ్వడం లేదు. ఏ గుట్ట కింద ఎన్ని మందలు ఉన్నాయో తెలిస్తే సంబరపడేవాళ్లలో వేటగాళ్లు కూడా ఉంటారు. ఎంతకు ఎంత అన్న నిష్పత్తి చెబితే నా వాదనకు సరిపోతుంది.

నేపథ్యం

ఊరి భూమి రెండు రకాలు. తూర్పున నల్లరేగడి, పడమర గుట్టల వైపు ఎర్రచెలక. మధ్యలో వానాకాలం మాత్రమే పారే ఒక వంక. నల్లరేగడిలో పూర్వం రబీ జొన్న ప్రధాన పంట. మధ్యమధ్య కుసుమ, ధనియాలు. ఎర్రనేలలో కొర్ర, ఆముదం, వేరుశనగ. ఎర్రనేలలో ప్రతి ఏడూ పంట వేసేవాళ్లు కాదు. రెండు మూడేళ్లు పండించి, ఏడాదో రెండేళ్లో బీడు పెట్టేవాళ్లు. ఆ బీట్లో గొర్రెలు మేసేవి, మందలు రాత్రిళ్లు చేలల్లో పడుకుని ఎరువు వేసేవి. గుట్టల అంచున గయాళు భూమి ఉండేది. అది ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ.

ఈ నేలకు తగిన జంతువు కృష్ణజింక. పెద్దవాళ్లు నల్ల మగజింకను ఇర్రి అంటారు. దీని బతుకంతా కంటిచూపు మీద, కాళ్ల మీద ఆధారపడింది. శత్రువును దూరం నుంచే చూడాలి, చూడగానే పరుగెత్తాలి. అందుకే పొట్టి గడ్డి ఉన్న బయలు కోరుకుంటుంది. దట్టమైన అడవిలోకి పోదు. ఈతకు సాధారణంగా ఒకే పిల్ల. ఈ చివరి రెండు సంగతులే తర్వాత నన్ను పెద్ద పొరపాటు నుంచి బయట పడేశాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. కృష్ణజింక అందులో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కూడా ఇదే.

వచ్చిన సమస్య

ఊరివాళ్ల మాట సూటిగా ఉంది: జింకలు పదింతలయ్యాయి, మీరు లెక్కపెట్టి కాగితం ఇస్తే అధికారుల ముందు పెడతాం, పట్టుకుపొమ్మంటాం.

లెక్క మొదలుపెట్టే ముందు నేను ప్రతి ఊళ్లో ఒక పని చేస్తాను. వేరువేరు వయసుల వాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి, మీ చిన్నప్పుడు ఎన్ని ఉండేవని అడుగుతాను. ఇక్కడ ముప్ఫై ఏళ్ల రైతు, "ఇన్ని ఎప్పుడూ లేవు సార్" అన్నాడు. యాభై దాటిన రైతు, "మా చిన్నతనంలో ఒక్కటి కనిపిస్తే ఊరంతా చూడటానికి పోయేవాళ్లం" అన్నాడు. ఎనభై దాటిన కాపరి తాత మాత్రం నవ్వి, "మా నాయన గొర్రెలు కాసేటప్పుడు మందలో జింకలు కలిసి మేసేవంట. వలలు పట్టుకుని వచ్చేవాళ్లు. జీపుల్లో తుపాకులతో వచ్చేవాళ్లు. నా కళ్ల ముందే ఖాళీ అయ్యాయి" అన్నాడు.

ముగ్గురూ నిజమే చెప్పారు. వేట వల్ల అడుగంటినప్పుడు పుట్టినవాడికి సున్నా మామూలు లెక్క. చట్టం వచ్చి, వేట తగ్గి, కోలుకుంటున్నప్పుడు పుట్టినవాడికి ప్రతి జింకా అదనమే. దేశంలో రెండు శతాబ్దాల కిందట లక్షల్లో తిరిగిన జంతువు ఇది. ఎక్కడి నుంచి కొలవడం మొదలుపెడతామో దాన్ని బట్టే పెరిగిందా తరిగిందా అన్న జవాబు మారిపోతుంది. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా తర్వాతి అడుగులో తప్పు చేశాను.

మొదటి లెక్క, మొదటి తప్పు

లెక్క ఎప్పుడు పెట్టాలి? మే నెల ఎంచుకున్నాను. పంటలు ఉండవు, నేలంతా బోసిగా ఉంటుంది, కిలోమీటరు దూరంలో ఉన్న మంద కూడా బైనాక్యులర్‌లో కనిపిస్తుంది. జంతువు కళ్లబడకుండా తప్పించుకునే అవకాశం తక్కువ కాబట్టి లెక్క గట్టిగా ఉంటుందని నా తర్కం. బండిబాటల మీద నాలుగు దారులు గీసి, తెల్లవారుజామున, సాయంత్రం వరుసగా కొన్ని రోజులు తిరిగాం. ఒకే మందను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండటానికి నాలుగు దారుల్లో ఒకే సమయంలో నలుగురం నడిచాం.

వచ్చిన సంఖ్య చిన్నది. ఊరివాళ్లు చెప్పిన దానికి దగ్గరలో కూడా లేదు. రచ్చబండ దగ్గర కూర్చుని ఆ మాటే చెప్పాను. మీరు అనుకుంటున్నంత లేవు, భయం వల్ల ఎక్కువ కనిపిస్తున్నాయన్నాను. మాట పూర్తికాకముందే ఒక రైతు లేచాడు. గత రబీలో శనగ రెండుసార్లు విత్తినవాడు. "లెక్క మీ దగ్గర ఉంది సార్, మొలక మా దగ్గర లేదు" అని వెళ్లిపోయాడు. సభ అక్కడితో ముగిసింది.

ఆ రాత్రి నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. పద్ధతి ప్రకారం చేసిన లెక్క కదా అని. మర్నాడు కాపరి తాతతో గుట్టల వైపు నడుస్తుంటే ఆయన దారి పక్కన పాత పెంటికల కుప్పలు చూపించాడు. మగజింకలు తమ జాగాను చాటుకోవడానికి ఒకే చోట పెంటికలు వేస్తాయి. ఆ కుప్పలు గుట్ట కింద ఎర్రనేలలోనూ ఉన్నాయి, నల్లరేగడి గట్ల మీదా ఉన్నాయి. రెండు చోట్లా ఎండి పొడిబారిపోయాయి. తాజావి దాదాపు లేవు. "ఇప్పుడు ఇక్కడ ఎందుకుంటాయి? నీళ్లున్న చోటికి పోయాయి. చలికాలం రా, చూపిస్తా" అన్నాడు తాత.

అంటే నేను లెక్కపెట్టింది జింకలు ఊళ్లో లేని నెలలో. కళ్లకు స్పష్టంగా కనిపించే కాలం ఏదని ఆలోచించానే గాని, అవి ఇక్కడ ఉండే కాలం ఏదని ఆలోచించలేదు. రైతు నష్టపోయేది నవంబరులో, నేను చూసింది మే నెలలో.

రెండో ప్రయత్నం

అవే దారులు, అవే సమయాలు, మనుషుల్లో ఇద్దరు మాత్రం కాపరులు. ఆగస్టులో, నవంబరులో, జనవరిలో, మళ్లీ మే నెలలో నడిచాం. దారి మార్చకపోవడం ముఖ్యం. మార్చితే ఒక కాలానికి, మరో కాలానికి ఉన్న తేడా జింకలదో దారిదో చెప్పలేం.

వానాకాలంలో మందలన్నీ ఎర్రనేల మీద, గుట్టల అంచున ఉన్నాయి. నల్లరేగడి తడిస్తే బురద గిట్టలకు అంటుకుని వాటికి పరుగు సాగదు. నవంబరులో రేగడి ఆరాక కిందికి దిగాయి. జనవరి లెక్క అంతకు ముందరి మే లెక్కకు మూడింతలు దాటింది. ఏడాది తర్వాత మే నెలలో మళ్లీ దాదాపు పాత సంఖ్యే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయాలి. ఈతకు ఒకే పిల్లను కనే జంతువు ఎనిమిది నెలల్లో మూడింతలు కాలేదు. కుక్కలు, తోడేళ్లు, గట్టు లేని బావులు తీసుకుపోయేవి పోగా మిగిలే పిల్లలతో అది అసాధ్యం. కాబట్టి జనవరిలో కనిపించిన వాటిలో చాలా భాగం ఇక్కడ పుట్టినవి కావు, ఇక్కడికి వచ్చినవి. ప్రశ్న మారింది. ఎన్ని ఉన్నాయన్నది పక్కకు పోయి, చలికాలంలో ఇవన్నీ ఈ ఊరికే ఎందుకు చేరుతున్నాయన్నది ముందుకు వచ్చింది. దానికి జవాబు జింకల్లో దొరకదు, భూమిలో వెతకాలి.

భూమిని చదవడం

రెండు దారుల్లో చదివాం. ఒకటి అడంగల్. ఏ సర్వే నంబరులో ఏ ఏడు ఏ పంట ఉందో, ఏది బీడుగా ఉందో అందులో రాసి ఉంటుంది. రాసినవాడు పొలం చూసి రాశాడా, కిందటేడు రాసిందే మళ్లీ ఎక్కించాడా అన్న అనుమానం ప్రతి పేజీలోనూ పెట్టుకోవాలి. వరుసగా అయిదేళ్లు ఒక్క అక్షరం మారని పేజీలను పక్కన పెట్టేశాం. రెండోది ఉపగ్రహ చిత్రాలు. లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. 2015 నుంచి సెంటినెల్ చిత్రాలు పది మీటర్ల స్పష్టతతో వస్తున్నాయి.

ఇందులోనూ మొదట బోల్తా పడ్డాం. మాతో ఉన్న కుర్రాడు వేసవి చిత్రాలతో పటం గీసుకొచ్చాడు. దాని ప్రకారం ఊళ్లో బీడు పెరిగింది! కోత అయిపోయి ఎండిన శనగ చేనుకు, నిజమైన బీడుకు వేసవి చిత్రంలో తేడా తెలియకపోవడమే కారణం. రెండూ ఎండిన నేలలే. అందుకని ప్రతి ఏడాదికీ మూడు చిత్రాలు తీసుకున్నాం: వాన తర్వాత ఒకటి, జనవరిలో ఒకటి, మే నెలలో ఒకటి. మూడింటిలోనూ దున్నిన జాడ లేనిదే బీడు. ఈ నియమం పెట్టుకున్నాక పటం తలకిందులైంది.

చిన్న పక్కమాట. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతోనే దేశంలోని బంజరు భూముల పటాల సంపుటాలు తయారుచేస్తుంది. అందులో పొదలు, గడ్డి ఉన్న బయళ్లు చాలా వరకు 'బంజరు' గళ్లలోనే పడతాయి. పటంలో ఒక నేలకు బంజరు అని పేరు పడ్డాక దాన్ని వాడుకలోకి తేవడం పుణ్యకార్యం అవుతుంది. గొర్రెకు, జింకకు, కంజు పిట్టకు అది అప్పటికే వాడుకలో ఉందన్న సంగతి ఏ గడిలోనూ ఉండదు.

పటం చెప్పింది ఇది. ఎర్రనేల బీడు నలభై ఏళ్లలో సగానికి పైగా పోయింది. కొంత బోర్ల కింద తోటలైంది. డీకేటీ పట్టాలు, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూముల పట్టాలు, పొందినవాళ్లు గుట్టల అంచు దాకా దున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. కొంత చెట్ల పెంపకం కిందికి పోయింది, మరికొంతను సర్కారు తుమ్మ మింగింది. పక్క ఊళ్లో ఒకే ముక్కగా ఉన్న బీట్లో సోలార్ ప్లాంటు వచ్చి చుట్టూ కంచె పడింది. అక్కడి మందలకు చోటు తగ్గింది.

ఇంతవరకు ఊహించిందే. ఊహించనిది నల్లరేగడిలో ఉంది. అక్కడ సాగు విస్తీర్ణం పెద్దగా మారలేదు, పంట మారింది. జొన్న పోయి శనగ వచ్చింది. 1999లో విడుదలైన జేజీ-11 లాంటి తక్కువ కాలపు రకాలు వచ్చాక కర్నూలు, ప్రకాశం జిల్లాల రేగడి నేలల్లో శనగ ఎలా పాకిందో ఆ తరం రైతులు ఎవరైనా చెబుతారు. నీరు తక్కువ, కూలీ తక్కువ, ధర ఎక్కువ. రైతు లెక్కలో తప్పు లేదు.

జింక వైపు నుంచి ఇదే మార్పును చూడండి. జొన్న చేను మనిషి కంటే ఎత్తు. లోపల ఏముందో కనిపించదు, పరుగెత్తడానికి దారి ఉండదు. చూపు మీద బతికే జంతువుకు అది గోడ. అప్పట్లో రేగడి అంతా జొన్న నిలబడి ఉన్న నవంబరు, డిసెంబరు నెలల్లో మందలు ఎర్రనేల బీట్లోనే ఆగిపోయేవి. కోత అయ్యాకే కిందికి దిగి మొదళ్లు, రాలిన గింజలు తినేవి. ఎవరికీ నష్టం లేదు. శనగ చేను మోకాలి ఎత్తు దాటదు. కనుచూపు మేర బయలు, దాని మీద పచ్చటి మేత, అదీ ఎర్రనేల మీద గడ్డి ఎండిపోయే నెలల్లో. మనం చేను అంటున్న దాన్ని జింక పచ్చిక బయలు అనుకుంటుంది.

ఒకే మార్పు వల్ల రెండు జరిగాయి. జింకలు చేలలోకి దిగాయి, దిగినవి కూడా కళ్లకు కనిపించడం మొదలుపెట్టాయి. జొన్న ఉన్నప్పుడు అంచులో మేసి పోయిన మందను ఎవరు చూశారు? పదింతలయ్యాయన్న మాటలో కొంత నిజంగా పెరిగిన జింకలు, కొంత పక్క ఊళ్ల నుంచి నెట్టుకొచ్చినవి, కొంత ఇప్పుడు మాత్రమే కంటబడుతున్నవి కలిసి ఉన్నాయి. వేట నుంచి కోలుకోవడం వల్ల నలభై ఏళ్లలో సంఖ్య పెరిగిందన్నది నేను కాదనను. గత పదిహేనేళ్ల గొడవకు మాత్రం జింకలు పుట్టడం కంటే అవి ఒక చోటికి చేరడమే ఎక్కువ కారణమని నా నిర్ణయం.

రోళ్లపాడు గుర్తుకొచ్చి

ఈ నిర్ణయానికి రావడానికి రోళ్లపాడు నాకు సాయపడింది. నందికొట్కూరు దగ్గరి ఆ గడ్డినేలను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. ఉద్దేశం బట్టమేక పిట్టను, అంటే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్‌ను, కాపాడటం. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేల మీద పెట్టే పక్షి అది. కంచె వేసి కాపలా పెడితే పిట్టతో పాటు కృష్ణజింకలకూ రక్షణ దొరికింది. పదుల్లో ఉన్నవి కొన్నేళ్లలోనే వందలయ్యాయి, చుట్టుపక్కల చేలలో పడ్డాయి, రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. కంచె బయట మెట్ట పంటలు, బీడు తగ్గుతూ నీటి పంటలు పెరిగాయి. పిట్టకు కావలసింది ఆ 614 హెక్టార్లు మాత్రమే కాదు. గూటికి గడ్డి, మేతకు చుట్టూ ఉన్న మెట్ట చేలు, అందులోని మిడతలు కావాలి. అవి పోయాయి, పిట్టా పోయింది.

ఒకే నేల, ఒకే మార్పు, రెండు ప్రాణులు రెండు దిక్కులకు. ఏ ప్రాణికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ఎరుపు జాబితాలో బట్టమేక పిట్ట 2011లో అత్యంత ప్రమాదంలో ఉన్న వర్గానికి జారింది. కృష్ణజింక 2017లో పెద్దగా ఆందోళన అక్కరలేని వర్గంలోకి చేరింది. ఒక ప్రాంతంలో వన్యప్రాణులు పెరిగాయా తరిగాయా అని ఎవరైనా అడిగితే, ఏ ప్రాణి అని తిరిగి అడగకుండా నేనిప్పుడు జవాబు చెప్పను. చేను మేసి బతకగలిగినది నిలబడుతుంది. బీడు తప్ప మరో దిక్కు లేనిది మాయమవుతుంది. అది పోతే ఎవరూ ఫిర్యాదు చేయరు కూడా.

పనిచేయనివి

ఊరివాళ్లు మేం రాకముందే చేసినవి: పాత చీరలు కట్టడం, దిష్టిబొమ్మలు, డబ్బా మోతలు, పటాకులు. వారం పది రోజులు పనిచేస్తాయి. తర్వాత జింకలు ఆ చీర నీడలోనే నిలబడి మేస్తాయి. ఒక పెద్ద రైతు చేను చుట్టూ సోలార్ కరెంటు తీగ కంచె వేసుకున్నాడు, అతని చేను బాగుపడింది. అతని గట్టు పక్కన మూడెకరాలు ఉన్నవాడి చేను పూర్తిగా పోయింది. కంచె మందను తగ్గించదు, పక్కకు నెడుతుంది. ఊళ్లో జింకల మీద ఉన్న కోపం కంటే ఈ కంచె మీద ఉన్న కోపమే నాకు ఎక్కువగా వినిపించింది.

పట్టి తరలించాలన్న డిమాండు సంగతి. కృష్ణజింకను వలలో పడేసి, భయంతో కొట్టుకోనిస్తే కండరాలు దెబ్బతిని, వదిలేశాక కూడా చచ్చిపోగలదు. అది సాధ్యమే అనుకున్నా, మేతకు వచ్చిన మందను తీసుకుపోతే అదే మేతకు మరో మంద వస్తుంది. మూడింతల లెక్క ఊరివాళ్లకు చూపించినప్పుడు ఈ విషయం వాళ్లకే తట్టింది. నేను చెప్పనక్కరలేకపోయింది.

మా స్వంత వైఫల్యం నీటి తొట్టి. ఎర్రనేల వైపు నీళ్లు దొరికితే మందలు అక్కడే ఉంటాయని గుట్ట కింద తొట్టి కట్టించాం. బోరున్న తోట దగ్గరైతే నింపడం సులువని అక్కడ కట్టాం. ఆ వేసవిలో అంతకుముందు ఊరు వదిలిపోయే మంద పోకుండా ఆగింది, తోటలోని కూరగాయలను మేసింది, నీటికి వచ్చిన తల్లుల వెంట ఉన్న పిల్లలను ఊరకుక్కలు పట్టుకున్నాయి. కాలాన్ని బట్టి కదలడమే ఆ జంతువు బతుకుతెరువని మా లెక్కే చెబుతుంటే, దాన్ని ఒకచోట కట్టేసే పని మేమే చేశాం. తొట్టిని పగలగొట్టించాం. ఖర్చు సంస్థ భరించింది, మాట నేను పడ్డాను.

కొంత పనిచేసినవి

ముందుగా కాపలా. ఏడాదంతా కాపలా కాయడం ఎవరివల్లా కాదు. నష్టం ఎప్పుడు జరుగుతుందో రైతుల చేతే తేదీల వారీగా రాయించాం. శనగ మొలిచిన తర్వాతి మూడు, నాలుగు వారాల్లోనే పెద్ద దెబ్బ. ఆ తర్వాత మేసినా చాలా మొక్కలు మళ్లీ చిగురిస్తాయి. కాబట్టి ఆ వారాలకే మనుషులను వంతులు వేసుకున్నారు. వంతు చేలకు కాకుండా దారులకు పెట్టారు. గుట్ట నుంచి రేగడికి దిగే దారులు మూడే ఉన్నాయని కాపరులు చూపించారు. అందరూ వారం తేడాలో విత్తుకోవాలన్న ఒప్పందం కుదిరింది, సగం మందే పాటించారు. ముందుగా విత్తినవాడి మొలక ఊరి మొత్తానికి ఎర అవుతుందని అందరికీ తెలిసినా, తేమ ఆరిపోతుంటే ఆగడం కష్టం.

తర్వాత గోడ. జొన్న గోడలా పనిచేసేదన్నప్పుడు, గుట్ట వైపు గట్ల వెంట వెడల్పుగా జొన్న సాళ్లు పెడితే? మొదటి ఏడు విఫలం. సెప్టెంబరు వాన తప్పింది, శనగ మొలిచే నాటికి జొన్న జానెడే ఉంది. రెండో ఏడు కంది వేశాం. జూలైలో విత్తితే నవంబరుకు ఛాతీ ఎత్తు ఉంటుంది. లేత కందిని జింకలు మేయవా అని ఒక రైతు అడిగాడు. మేస్తాయి. అయితే ఆ నెలల్లో అవి తడిసిన రేగడిలోకి దిగవని మా ఆగస్టు లెక్క చెబుతోంది. కంది నిలబడింది. ఖాళీలు లేకుండా ఒత్తుగా ఉన్న చోట దాని వెనక చేలలో దెబ్బ తగ్గింది. బాట కోసం వదిలిన సందుల్లోంచి మాత్రం యథావిధిగా దూరాయి. ఈ కంది గింజలు అమ్ముకోవచ్చు కాబట్టి మూడో ఏడు మేం చెప్పకుండానే వేశారు. మా సలహాల్లో చెప్పకుండా కొనసాగింది ఇదొక్కటే.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది, నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది గయాళు భూమి. ఊళ్లో మిగిలిన ఒకే పెద్ద బీడు ముక్క అది. అందులో కందకం తవ్వి మొక్కలు నాటే ప్రతిపాదన అప్పటికే కాగితం మీద ఉంది. గడ్డినేలలో చెట్లు పెడితే పచ్చదనం పెరుగుతుంది, జింకలు దిగువ చేలకు దిగుతాయి. ఈ మాట చెప్పడానికి నాలుగుసార్లు అధికారుల దగ్గరికి వెళ్లాం. మూడు కాలాల పటం, నాలుగు కాలాల లెక్క పక్కపక్కన పెట్టి చూపించాక, నాటే స్థలాన్ని వంక వైపు మార్చడానికి ఒప్పుకున్నారు. సర్కారు తుమ్మను వేళ్లతో సహా పీకించాం. దాని కాయలను జింకలే తిని విత్తనాలను పెంటికల్లో చల్లుతాయి కాబట్టి ఏటా మొలకలు పీకక తప్పదు. గొర్రెలవాళ్లు బీడును మూడు భాగాలు చేసుకుని, వాన పడ్డాక ఒక్కో భాగాన్ని కొన్నాళ్లు వదిలేయడానికి అంగీకరించారు. వాళ్లను పక్కన పెట్టి చేసుంటే ఒక్క నెల కూడా నిలిచేది కాదు.

మూడో ఏడాది జనవరి లెక్క మొదటి జనవరికి దగ్గరగానే ఉంది. జింకలు తగ్గలేదు. నవంబరులో మాత్రం మందల్లో ఎక్కువ భాగం ఇంకా ఎర్రనేల మీదే ఉన్నాయి. మొలక నిలదొక్కుకున్నాక కిందికి దిగాయి. ఆ మూడు వారాల ఆలస్యమే మేం సంపాదించింది. రెండుసార్లు విత్తాల్సిన అవసరం చాలామందికి తప్పింది, అందరికీ తప్పలేదు. గుట్టకు ఆనుకుని ఉన్న డీకేటీ చేలవాళ్లకు మా పని వల్ల మేలు జరగలేదు. బీడు బాగుపడ్డాక వాళ్ల గట్టు దగ్గర మందలు ఎక్కువసేపు నిలబడుతున్నాయి. వాళ్లకు పరిహారం తప్ప మరో దారి నాకు కనిపించలేదు. ఆ దరఖాస్తులు రాసిపెట్టడం కూడా నా పనిలో భాగమే అయింది.

ఇప్పుడు కొత్త ఊరికి వెళితే నా పని వరుస మారింది. బైనాక్యులర్ కంటే ముందు అడంగల్ అడుగుతాను. నష్టం జరిగే నెలలోనే మొదటి లెక్క పెడతాను. ఏడాది తిరిగే దాకా పెరిగాయనీ అనను, తగ్గాయనీ అనను. రచ్చబండ దగ్గర లేచి వెళ్లిపోయిన రైతు తర్వాత మా దారుల కాపలాకు పెద్దయ్యాడు. నా మొదటి లెక్క గుర్తుచేసి ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు.

మొన్న దీపావళి తర్వాత అటు పక్క మండలం నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. వాళ్ల ఊళ్లో రెండేళ్లలో జింకలు పదింతలయ్యాయని చెప్పాడు. మీ చుట్టుపక్కల ఊళ్లలో ఈ రెండేళ్లలో ఏ బీటికైనా కంచె పడిందా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పడింది సార్. మీకెవరు చెప్పారు?" అన్నాడు.